ఫోన్ కార్డు మీది రాజావారు

కిందటి నెల జురాంగ్ ఈస్ట్ లైబ్రరీలో ఒక పాత నలుపు తెలుపు సినిమా వేశారు. మా అమ్మాయి తీసుకెళ్ళింది. "కామెడీ అమ్మా, నీకు నచ్చుతుంది లా" అంది, ఇక్కడి పిల్లల్లా మాట చివర 'లా' తగిలించి. సినిమాలో ఒక రాజు. సొంత దేశంలో జనం తిరగబడితే ప్రాణాలు దక్కించుకుని ఒక మహానగరానికి వచ్చి పడతాడు. ఏదో విందుకు పిలిచి, ఆయనకు తెలియకుండానే టీవీలో చూపించేస్తారు. తెల్లారేసరికి ఊరంతా ఆయన మాటే. ఇక మా సరుకు అమ్మిపెట్టమని ఒకరు, మా సీసా పట్టుకుని నవ్వమని ఇంకొకరు వెంటపడతారు. హాల్లో అందరూ పడి పడి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. ఆ రాజు కెమెరా ముందు నిలబడి, మొహంలో దర్జా జారిపోకుండా తంటాలు పడుతున్న చోట మాత్రం నాకు నవ్వు ఆగిపోయింది. "వై అమ్మా, నాట్ ఫన్నీ ఆ?" అని మా అమ్మాయి నా చెయ్యి తట్టింది.

ఆ మొహం నాకు తెలుసు. ఆ నటుడి మొహం కాదు. నవ్వులపాలవుతున్నానేమో అని అనుమానపడుతూనే నిటారుగా నిలబడ్డ మనిషి మొహం. చాలా ఏళ్ళ కిందట బూన్ లేలో మేం అద్దెకున్న బ్లాకులో, మా వరసలో చివరి ఫ్లాట్ ఆయనది. ఎదురుపడితే అంకుల్ అనేవాళ్ళం, చాటున రాజావారు అనేవాళ్ళం. ఆయనకొక పేరుంది. ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఇక్కడా రాయను.

కంప్యూటర్ పని కాస్త వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ ద్వీపదేశంలో ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. మావారు ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవారు. పొద్దున రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. నేను నంద్యాలలో ఎమ్మెస్సీ చదివి, భర్త వెంట వచ్చిన భార్యగా, ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా మీద వచ్చాను. వంటా, బట్టలూ అయిపోయాక చేయడానికి ఏమీ ఉండేది కాదు. కారిడార్ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కింద కార్లు నిలిపే చోటు చూస్తూ నిలబడేదాన్ని. ఎవరితోనూ మాట్లాడకుండా రోజు గడిచిపోతే, సాయంత్రం నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఆయన్ని మొదట చూసింది లిఫ్టు దగ్గర. తెల్లటి పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా బొత్తాలు, పాలిష్ పెట్టిన బూట్లు. లిఫ్టు ముందు నిలబడి ఉన్నారు గాని బటన్ నొక్కలేదు. నేను వెళ్ళి నొక్కాను. లోపలికి వెళ్ళాక తలను కొంచెం వంచి, "సంతోషం, అమ్మాయిగారూ" అన్నారు.

ఆ బ్లాకులో తెలుగు వినడం అదే మొదలు. నేను తెలుగుదాన్నని ఎలా తెలిసిందని అడిగాను.

"మీరు మీ కుక్కరును తెలుగులో తిడతారు గదా" అన్నారు ఆయన, నవ్వకుండా.

ఆయన తెలుగు నేను విన్న ఏ తెలుగులాగానూ ఉండేది కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు మాట ఎప్పుడో ఓడెక్కి వెళ్ళి, మలేసియా రబ్బరు తోటల్లో తమిళంతోనూ మలయ్‌తోనూ కలిసి పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉండేది. "ఏటమ్మా, మకాన్ అయిందా?" అని అడిగేవారు, భోజనం అయిందా అని. నాకంటే రెట్టింపు వయసు ఉన్నా 'మీరు' అనే పిలిచేవారు. కారిడార్ ఊడ్చే బంగ్లాదేశీ మనిషిని, మెట్ల కింద పడుకునే పిల్లిని కూడా ఆయన మర్యాద తప్పి పిలవడం నేను వినలేదు.

కుర్చీలో కూర్చునే ముందు ఒక్క క్షణం ఆగేవారు. వెనకనుంచి ఎవరో కుర్చీ జరుపుతారన్నట్టు ఆగి, ఎవరూ జరపరని తెలిసినవాడిలా కూర్చునేవారు. కారిడార్‌లో నడిస్తే సరిగ్గా మధ్యలో నడిచేవారు. కింద హాకర్ సెంటర్లో, అంటే వరసగా తిండి దుకాణాలుండే చోట, అందరూ క్యూలో నిలబడి కొనుక్కునేవాళ్ళు. బల్ల తమదని చెప్పడానికి టిష్యూ పొట్లం పెట్టి పోయేవాళ్ళు. దాన్ని ఇక్కడ 'చోప్' చేయడం అంటారు. ఆయన ఇస్త్రీ చేసిన జేబురుమాలు పరిచి, క్యూ వైపు చూడకుండా కూర్చునేవారు. టీ దుకాణం చైనీస్ ఆంటీ కాసేపు గొణుక్కుని, చివరికి తనే గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టేది. "కింగ్, యువర్ టీ" అనేది. వెక్కిరింతగానే అనేది. ఆయన మాత్రం ఆ మాటకు తల వంచి కృతజ్ఞత చెప్పేవారు.

ఆయన కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఉత్తరాంధ్రలో కొండల పక్కన ఒక చిన్న సంస్థానం. ఆ రాజుగారి తమ్ముడు అన్నతో పడక, ఒంటి మీది బట్టలతో విశాఖపట్నంలో ఓడెక్కి మలయాకు వచ్చేశారు. పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో లెక్కలు రాసే గుమాస్తాగా కుదిరారు. ఆయనే ఈయనకు తాత. ఈయన తోటలోనే పుట్టి, అక్కడి బడిలో చదివి, పనికోసం దక్షిణానికి దిగి, జురాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో స్టోర్స్ చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఒక్కసారి కూడా ఇండియా చూడలేదు.

ఆయన ఇంట్లో, హాల్లో గోడకు ఒక ఫోటో ఉండేది. చెక్కిన కుర్చీలో తలపాగాతో ఒకాయన కూర్చుని ఉంటారు. ఆయన వెనక, గొడుగు పట్టుకుని ఒక యువకుడు. "తాతగారు" అని కుర్చీలో ఉన్నాయన్ని చూపించారు నేను మొదటిసారి వెళ్ళినప్పుడు. వెనక ఉన్నది ఎవరని అడిగాను. "ఎవరో నౌకరు" అన్నారు.

ఒకసారి నాతో అన్నారు, "రాజ్యం పోయినవాళ్ళకి పోయిన రాజ్యమైనా గుర్తుంటాది అమ్మాయిగారూ. నాకు అదీ లేదు. నేను పుట్టేసరికే పోయింది."

పెళ్ళెందుకు చేసుకోలేదో నేను అడగలేదు. ఆయనే చెప్పారు, ఒక మధ్యాహ్నం, మా ఇద్దరి గుమ్మాలకు నడుమ కారిడార్లో నిలబడి. తోటలో డ్రెస్సర్‌గారు ఉండేవారట, కూలీలకు మందులిచ్చే ఆయన. వాళ్ళదీ తెలుగు కుటుంబమే. వాళ్ళ అమ్మాయి సైకిలు మీద బడికి వెళుతూ, అడ్డం ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టేదట. ఆ బెల్లు ఎందుకు కొడుతోందో కొన్నాళ్ళకు ఈయనకు అర్థమైంది. ఇంట్లో చెబితే నాన్నగారు ఆ ఫోటో వైపు చూపించి, మనం ఎవరం, వాళ్ళెవరు అన్నారట. ఆ తర్వాత మన స్థాయికి తగిన సంబంధం చూడమని ఇండియాకు మనిషి చేత కబురు మీద కబురు పంపారట. అక్కడినుంచి ఎవరూ పలకలేదు. ఆ అమ్మాయికి క్లాంగ్‌లో ఎవరితోనో పెళ్ళయిపోయింది. "నాన్నగారి మాటా నిజమే గదా" అని ఊరుకున్నారాయన. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఒక నియమం చెబుతున్నట్టు చెప్పారు.

ఇలా ఉండగా ఆయన ఉన్నట్టుండి ప్రసిద్ధులైపోయారు.

ఆ రోజుల్లో మావంటివాళ్ళకు ఫోన్ కార్డే ప్రాణం. దుకాణంలో కార్డు కొనుక్కుని, వెనక వెండిపూత గీకి, ఆ నంబరు నొక్కితే ఇంటికి చవగ్గా మాట్లాడవచ్చు. ఇలాంటి కార్డులు అమ్మే ఒక కంపెనీ కోసం ప్రకటనలు తీసే అమ్మాయి ఎవరో హాకర్ సెంటర్లో టీ కోసం కూర్చుని ఉన్న ఆయన్ని చూసింది. వెళ్ళి ఎదురుగా కూర్చుని, "అంకుల్, యూ లుక్ లైక్ ఎ రియల్ కింగ్" అంది. ఆయన జీవితంలో వెక్కిరింత లేకుండా ఒకరు ఆ మాట అనడం అదే మొదటిసారేమో. "యెస్" అన్నారట ఆయన, అంతే.

స్టూడియోకు నన్ను తోడు తీసుకెళ్ళారు. అద్దె తలపాగా, ప్లాస్టిక్ ముత్యాలు, బంగారు రంగు పూసిన కుర్చీ, అంటించిన మీసం. చేతికి ఒక టెలిఫోన్ ఇచ్చి నవ్వమన్నారు. ఆయన నవ్వలేదు. రాజులు ఫోన్లో నవ్వరని ఆ పిల్లకు ఇంగ్లీషులో ఓపిగ్గా వివరించారు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, ఆ గంభీరమైన మొహాన్నే తీసుకున్నారు. అదే పనిచేసింది. వారం తిరక్కుండా లిటిల్ ఇండియాలో ప్రతి దుకాణం తలుపు మీదా, బస్సుల వెనకా, కార్డుల మీదా ఆయనే. పక్కన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ 'రాజాలా మాట్లాడండి' అని.

ఆదివారాలు ఆయన లిటిల్ ఇండియాకు బయలుదేరడం మొదలుపెట్టారు. నేనూ మావారూ సరుకులకు వెళ్ళినప్పుడు చూసేవాళ్ళం. కట్టడాల్లో, షిప్‌యార్డుల్లో పనిచేసే కుర్రాళ్ళు చుట్టూ మూగేవాళ్ళు. భుజాల మీద చేతులేసి ఫోటోలు దిగేవాళ్ళు. కార్డు చూపించి సంతకం పెట్టమనేవాళ్ళు. ఆయన పెన్ను తీసి, సంతకం పెట్టేముందు ప్రతివాణ్ణీ అడిగేవారు, దీంతో ఎవరికి ఫోన్ చేస్తారు అని. మా అమ్మకి, మా ఇంటిదానికి, అని వాళ్ళు చెప్పేవాళ్ళు. "నా నమస్కారం చెప్పండి" అనేవారు ఆయన. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. టెక్కలి వైపు వెల్డర్ ఒకతను మాత్రం మళ్ళీ వచ్చి, "మా అమ్మ అడిగిందండి, రాజుగారు బాగున్నారా అని" అన్నాడు. ఆ వారమంతా ఆయన ఆ మాట నాతో మళ్ళీ మళ్ళీ చెప్పారు.

కంపెనీవాళ్ళు ఆయనకు ఒక కట్ట కార్డులు ఊరికే ఇచ్చారు. ఆయన వాటిని తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను నంద్యాలకు మాట్లాడాక ఆయన గుమ్మం దగ్గర నిలబడి, అమ్మగారు ఈవేళ ఏం వండారట అని అడిగేవారు. గోంగూర, రాగి సంగటి, ఏదైనా సరే శ్రద్ధగా వినేవారు. ఆయనకు ఫోన్ చేయడానికి ఎవరూ లేరని నాకు అప్పుడే తట్టింది. చెల్లెలు ఒకావిడ ఉండేదట, పోయింది.

ఒకరోజు తనూ ఫోన్ చేస్తానన్నారు. సంస్థానం ఉన్న ఊరి కోడ్ నన్ను కనుక్కోమన్నారు. దాని తర్వాత నంబరు ఎవరిదని అడిగితే, ఏదో ఒకటి నొక్కమన్నారు. రెండు మూడుసార్లు తప్పాక ఎక్కడో మోగింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. ఈయన నిలబడి, చొక్కా సర్దుకుని, "అయ్యా, అక్కడ వాన పడుతున్నదా?" అని అడిగారు. అవతల మనిషి ఏదో అన్నాడు. మీరెవరని అడిగినట్టున్నాడు. ఈయన జాగ్రత్తగా రిసీవరు పెట్టేశారు.

"పడుతోందంట" అన్నారు నాతో. ఆ తర్వాత చాలాసేపు మా ఇంట్లోనే కూర్చున్నారు.

ప్రతాప్ మావారి ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి. ఇంటి భోజనం దొరక్క వెలవెలబోతున్నాడని మావారు ఒక ఆదివారం మధ్యాహ్నం తీసుకొచ్చారు. తింటూ తింటూ ఊరి పేరు చెప్పాడు. నేను గరిటె కింద పెట్టేశాను. అదే సంస్థానం. మెడలో ఆఫీసు బిళ్ళ ఆదివారం కూడా తీయని ఆ అబ్బాయి ఆ రాజవంశంవాడే. అడిగితే సిగ్గుపడ్డాడు. "కోటలో ఇంటర్ కాలేజీ నడుస్తోందండీ. మా వాటాకి గుర్రాలశాల వచ్చింది. మా నాన్న దాన్ని మోటార్లు బాగుచేసే షాపుకి అద్దెకిచ్చారు" అన్నాడు.

నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇద్దరినీ కలపాలనుకున్నాను. కబురు చెప్పగానే రాజావారు మరుసటి ఆదివారం టీకి రమ్మన్నారు. ఆ వారం ఇల్లంతా తుడిపించారు. పెట్టెలోంచి పింగాణీ కప్పులు తీసి నా చేత కడిగించారు. ఆ రోజు కోటు వేసుకున్నారు. ప్రతాప్ గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుండగానే ఎదురొచ్చి చేతులు జోడించారు.

"రండి బాబుగారూ. మన ఊరినుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి మనిషి మీరే."

కోట సంగతులు అడిగారు. కాలేజీ, గుర్రాలశాల, మోటార్ల షాపు విని పెద్దగా నవ్వారు. అలా నవ్వగా అదే చూడటం. ఊళ్ళో ఏటి ఒడ్డు, సంత, కొండ మీది గుడి, అన్నీ అడుగుతూ పోయారు. చెప్పేది ప్రతాప్ అయినా, ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంటికి వెళ్ళి వచ్చినవాడి కళ ఆయన మొహంలో కనిపించింది. అప్పుడు ప్రతాప్ కప్పు కింద పెడుతూ గోడ వైపు చూశాడు.

"ఈ ఫోటో మా ఇంట్లో కూడా ఉందండీ" అన్నాడు. లేచి దగ్గరికి వెళ్ళాడు. "మా తాతగారి తాతగారు."

"మా తాతగారూ ఆయనే" అన్నారు రాజావారు. "ఓడెక్కి వచ్చేశారు."

"ఈయన ఊరు దాటలేదండీ. కోటలోనే పోయారు."

"అయితే ఫోటో అన్నగారిదై ఉంటాది. మా నాన్నగారు తప్పు చెప్పుంటారు. మా తాతగారు తమ్ముడు."

"ఆయనకి తమ్ముళ్ళు లేరండీ. దత్తత వచ్చినాయన. ఒక్కరే." ఆ మాట నోరు జారాక గాని, తాను ఏం చెబుతున్నాడో ప్రతాప్‌కు తెలియలేదు. ఆగి నావైపు చూశాడు.

"చెప్పండి బాబుగారూ" అన్నారు రాజావారు. "మీకు తెలిసిందేదో చెప్పండి."

ప్రతాప్ నేల చూస్తూ చెప్పాడు. వాళ్ళ నానమ్మ చెప్పేదట, దొరగారి గొడుగు పట్టే మనిషి ఎవరితోనూ చెప్పకుండా ఒకరోజు వెళ్ళిపోయాడని. విశాఖపట్నంలో ఓడెక్కడం ఎవరో చూశారని. వెళుతూ వెళుతూ ఈ ఫోటో కాపీ ఒకటి పట్టుకుపోయాడని, అందులో తానూ ఉన్నాడు గనక కాబోలని.

రాజావారు లేచారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఫోటోకు బాగా దగ్గరగా వెళ్ళారు. నేనూ చూశాను. ఎన్నిసార్లో చూసిన ఫోటో అది. గొడుగు పట్టుకున్న యువకుడి మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. పెద్ద చెవులు, పైన కొంచెం బయటికి వంగి. అవే చెవులు ఆ క్షణాన నా పక్కనే ఉన్నాయి.

ఆయన అటే చూస్తూ అడిగారు.

"ఈయన పేరేటి బాబూ?"

"తెలీదండీ" అన్నాడు ప్రతాప్.

మర్నాడు పొద్దున ఆయన మా గుమ్మం దగ్గరికి వచ్చారు. చొక్కా మెడ బొత్తం పెట్టుకోలేదు. మకాన్ అయిందా అని అడగలేదు. కూర్చోమంటే వద్దన్నారు. కాసేపు కింద కార్ల వైపు చూసి, ఎవరితోనో లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లగా అన్నారు.

"అంటే, ఆ అమ్మాయిని చేసుకోవచ్చునన్నమాట."

ఆయన తల ఊపి, తన ఫ్లాటుకు వెళ్ళిపోయారు.

ప్రతాప్‌కు మనసు ఊరుకోలేదు. ఇంటికి ఫోన్ చేసి నానమ్మను అడిగాడు. ఆవిడకు తెలియలేదు. ఆవిడ కోడలిగా వచ్చిన కొత్తల్లో ఇంట్లో పెద్దవాళ్ళు ఆ సంగతి చెప్పుకుంటే 'గొడుగోడు' అనేవారట, అంతే. ఆ మాట ప్రతాప్ నాకు చెప్పాడు. ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ప్రకటనల అమ్మాయి రెండోసారి ఫోటోలు తీయడానికి వచ్చింది. ఈసారి టీవీకి కూడా. రాజావారు ఆమెను కూర్చోబెట్టి, నేను వింటుండగా, తాను రాజు కాదని, తన తాత రాజుకు గొడుగు పట్టేవాడని, ఈ మధ్యే తెలిసిందని చెప్పారు. పెద్ద నేరం ఒప్పుకుంటున్నంత కష్టపడి చెప్పారు. ఆ పిల్ల అంతా విని, మర్యాదగా నవ్వింది.

"నెవర్ మైండ్ లా అంకుల్. నోబడీ ఆస్కింగ్ ఫర్ ప్రూఫ్. యూ లుక్ లైక్ కింగ్, కెన్ ఆల్రెడీ."

అలా కనిపిస్తే చాలని ఆమె మంచితనంతోనే అంది. ఆయన మొహం మాత్రం పాలిపోయింది. తాను రాజునని ఇన్నాళ్ళూ వీళ్ళు నమ్మారని ఆయన నమ్మారు. నిజమా అబద్ధమా అన్నది వాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని అప్పుడే తెలిసింది. ఇక చేయనన్నారు. ఆమె రెండుసార్లు బతిమాలి వెళ్ళిపోయింది.

కంపెనీ ఏమీ ఆగలేదు. అదే తలపాగా, అదే ముత్యాలు, అదే మీసం ఇంకెవరికో పెట్టి కూర్చోబెట్టారు. కొత్త పోస్టర్లు వచ్చాయి. దుకాణాల తలుపుల మీద మనిషి మారాడని ఎవరూ గమనించలేదు. నేను కూడా కొన్నాళ్ళపాటు ఆయనే అనుకున్నాను. లిటిల్ ఇండియాలో కుర్రాళ్ళు ఆయన పక్కనుంచే వెళ్ళిపోయేవాళ్ళు, చేతిలో కార్డుతో. హాకర్ సెంటర్లో మాత్రం టీ ఆంటీ, "కింగ్, సిట్ లా, ఐ బ్రింగ్" అని కేక వేసింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఆయన చెయ్యి ఊపి వద్దని, ఓడ యార్డు కూలీల వెనక క్యూలో నిలబడ్డారు. వరస కదిలినప్పుడల్లా ఎంత జరగాలో తెలియక వెనకవాళ్ళ చేత మాటలనిపించుకుంటూ, చాలాసేపు నిలబడ్డారు.

ఆ తర్వాత మేం బుకిట్ పంజాంగ్‌కు మారాం. నాకు నెలలు నిండుతున్నాయి. వీలైనప్పుడు వెళ్ళి వచ్చేదాన్ని. ప్రతాప్ కూడా అప్పుడప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారని అడిగితే, పెద్దగా ఏం లేదండీ, టీవీ చూసేవాళ్ళం అన్నాడు. అంతలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒక్కొక్కటిగా కూలడం మొదలైంది. ఫోన్లో ఎవరు పలకరించినా, ఎవరి ఉద్యోగం పోయిందన్నదే మాట. ప్రతాప్‌కు కాంట్రాక్టు పొడిగించలేదు. విమానం టికెట్టు కొనుక్కున్న వారంలోనే బూన్ లే నుంచి రాజావారి పక్క ఫ్లాటు మలయ్ ఆంటీ ఫోన్ చేసింది. అంకుల్ ఆసుపత్రిలో పోయారని, ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందని, ఎవరికి చెప్పాలో తనకు తెలియదని.

చెప్పడానికి ఎవరూ లేరు. ఉన్నవాళ్ళం మేమే. మావారు, నేను, ఆ ఆంటీ, ఆమె కొడుకు, ప్రతాప్. దహనం అయ్యాక, బూడిద నీళ్ళలో కలిపే రోజున కర్మ ఎవరు చేస్తారని అడిగారు పురోహితులవారు. ఆయన తమిళ అయ్యరు, పెద్దవయసు, కొంచెం తెలుగు వచ్చు. మావారు నావైపు చూశారు. ప్రతాప్ ముందుకు వచ్చాడు. "నేను చేస్తానండీ" అన్నాడు. జీన్స్ ప్యాంటు మీదే తువ్వాలు చుట్టుకున్నాడు. మర్నాడే అతని ప్రయాణం.

చాంగీ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక చాప పరిచారు. అయ్యరు పోయినవారి పేరు అడిగారు, చెప్పాం. తండ్రి పేరు అడిగారు. గుర్తింపు కార్డులో ఉంది, చదివి చెప్పాం. తాత పేరు అడిగారు.

ప్రతాప్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. అయ్యరు మళ్ళీ అడిగారు. తెలియదన్నాడు ప్రతాప్. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇలాంటివి ఇక్కడ చాలా చూశారట. ఓడల్లో వచ్చినవాళ్ళలో ఎంతమందికి తాతల పేర్లు తెలుసని అడిగారు. పేరు తెలియకపోతే దానికీ ఒక దారి ఉందన్నారు. తాతల వరసను అంతరిక్షంలో కూర్చున్నవారు అని పిలవాలి. ఆ మాట చెప్పి పిండం పెడితే చేరుతుంది.

"కూర్చున్నవారు అనా అండీ?" అని అడిగాడు ప్రతాప్.

"ఆమా బాబు, అవును. కూర్చున్నవారు."

ప్రతాప్ పలికాడు. సముద్రపు గాలికి నువ్వులు కొన్ని చాప మీదికి ఎగిరాయి. అయ్యరు ముత్తాతల వరస మొదలుపెట్టబోతే, అతను చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కళ్ళు మూసుకుని, ఎవరూ చెప్పకుండానే, గొడుగు పట్టి నిలబడ్డ ఆ తాతగారిని ఇంకొకసారి కూర్చున్నవారు అని పిలిచాడు.